క్లౌడ్‌లో మీ ఫైళ్ల తాళం ఎవరి దగ్గరుంది?

నమస్కారమండీ. విశాఖపట్నంలో ఏఐ డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అప్పటి నుంచి మా మధురవాడలో చాలామంది అడుగుతున్నారు: “సర్వర్లు మన ఊళ్లోనే ఉంటే మన ఫొటోలు భద్రంగా ఉన్నట్టే కదా?”

క్లౌడ్ అంటే మన ఫైళ్లు దాచిపెట్టే కంపెనీల సర్వర్లే, అంటే పెద్ద కంప్యూటర్లే. సర్వర్ ఏ దేశంలో ఉందన్నది చట్టానికి ముఖ్యమే. కానీ మీ ఫైలు ఎవరు తెరవగలరో తేల్చేది దాని తాళం చెవి, అంటే ఎన్‌క్రిప్షన్ కీ.

మీరు గూగుల్ డ్రైవ్‌లోకి ఫైలు ఎక్కిస్తుంటే దారిలోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనివాళ్లు చదవలేని రూపంలోకి మారుతుంది. సర్వర్‌లో చేరాక కూడా అలాగే ఉంటుంది. మధ్యలో దొంగిలించినవాడికి ఏమీ అర్థం కాదు. అయితే ఆ కీ మామూలుగా కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగితే మన చేతిలో ఒక తాళం చెవి, రిసెప్షన్‌లో ఇంకోటి ఉంటాయి చూడండి, అలాగన్నమాట. కోర్టు ఆర్డర్ వస్తే కంపెనీ తెరిచి ఇవ్వగలదు. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఆ రెండో చెవి ఉండదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. వాట్సాప్ మెసేజ్‌లకు ఈ రక్షణ 2016 నుంచే ఉంది. క్లౌడ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు మాత్రం మనమే ఆన్ చేసుకోవాలి, చాలామంది చేయరు. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, అందులో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి. అది మర్చిపోతే వాట్సాప్ కూడా ఆ బ్యాకప్‌ను తెరవలేదు. కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో దాచండి.

తర్వాత డ్రైవ్. ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి మేనేజ్ యాక్సెస్‌కు వెళ్లండి. అక్కడ ‘ఎనీవన్ విత్ ది లింక్’ అని ఉంటే, లింక్ చేతిలో పడ్డ ప్రతివాళ్లూ చూడొచ్చు. రిస్ట్రిక్టెడ్‌కు మార్చండి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం మనుషుల మధ్య జరిగేది. ఎంవీపీ కాలనీలో ఇల్లు అద్దెకిచ్చే ఓనరు గారు కుర్రాళ్ల ఆధార్ కార్డులు ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు. తప్పేం లేదు, అవసరం. కానీ సింక్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటోలు క్లౌడ్‌కు వెళ్తాయి. కుర్రాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా అక్కడే ఉంటాయి. ఫ్యామిలీ ఆల్బమ్‌లో కలిపితే బంధువులందరికీ కనిపిస్తాయి. ఓనర్లూ, వాళ్లు వెళ్లగానే తీసేయండి. బ్యాకప్ అయిన ఫొటో గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో 60 రోజులుంటుంది, అక్కడా ఖాళీ చేయండి. అద్దెకు దిగేవాళ్లు మాస్క్డ్ ఆధార్ సరిపోతుందా అని ముందే అడగండి. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవడం, డేటా తొలగించమని అడగడం అందులో ఉన్నాయి. 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి.

చివరగా, జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరిచినవాళ్లు లింక్డ్ డివైసెస్ చూడండి. మీది కాని కంప్యూటర్ కనిపిస్తే దాని మీద నొక్కి, వెంటనే లాగ్ అవుట్ చేసేయండి.