ఇన్‌హేలర్ పీలిస్తే పరుగు పెరుగుతుందా?

నల్గొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లల నోట ఈ మాట విని విని విసుగొచ్చింది. "అన్నా, రన్నింగ్‌కి ముందు రెండు పఫ్‌లు లాగితే దమ్ము ఆగుతదట." ఉబ్బసం ఉన్నవాళ్లు అంటే అర్థం ఉంది. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా అస్తాలిన్ ఇన్‌హేలర్ కొని జేబులో వేసుకుని వస్తున్నారు! 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఒక్క సెకను తేడాతో ఉద్యోగం పోతుందన్న టెన్షన్ నాకు తెలుసు. కానీ ఆ సెకను ఇన్‌హేలర్‌లో దొరకదు.

ఎందుకో చూద్దాం. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద ఒక బావి ఉందనుకోండి. కాలువ నీళ్లు తూములోంచి బావిలో పడతాయి. బావి మీది మోటరు ఆ నీళ్లను తోడి, పైపులోంచి మడికి పంపుతుంది. తూము మన శ్వాసనాళాలు, బావి ఊపిరితిత్తులు, మోటరు గుండె, పైపులో పారేది రక్తం, మడి కాళ్ల కండరాలు.

ఉబ్బసం లేని కుర్రాడు ప్రాణం పెట్టి ఉరికినా బావి దాదాపు నిండే ఉంటుంది. కరోనా రోజుల్లో ఇంటింటా తిరిగిన ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూడండి, పరుగు ఆపాక కూడా అంకె పెద్దగా పడదు. మరి కాళ్లు ఎందుకు పడిపోతున్నాయి? మోటరు అంతకన్నా తోడలేక, మడి అంతకన్నా పీల్చుకోలేక. ఇప్పుడు తూమును ఇంకో జానెడు వెడల్పు చేస్తే ఏమవుతుంది? బావి పొర్లుతుంది, అంతే. మడికి ఒక్క బిందె కూడా ఎక్కువ పారదు. ఉబ్బసం లేని క్రీడాకారుల మీద చేసిన పరిశోధనల్లో కూడా ఇదే తేలింది. మామూలు మోతాదులో పీల్చినప్పుడు వాళ్ల శరీరం వాడుకునే ఆక్సిజన్ పెరగలేదు, దూరం పరుగులో ఓపికా పెరగలేదు. పెద్ద మోతాదుల్లో, కొన్ని సెకన్లలో అయిపోయే స్ప్రింట్ లాంటి వాటిలో కాస్త లాభం కనిపించిన పరిశోధనలు కొన్ని ఉన్నాయి, అది దాచను. కానీ 1600 మీటర్లు ఏడు నిమిషాల పని. అంత మోతాదు లాగితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. పరుగు రోజు పొద్దున ఇవన్నీ కోరి తెచ్చుకోవడం ఎందుకు?

ఇక ఉబ్బసం ఉన్నవాళ్ల సంగతి. వాళ్ల తూములో పూడిక ఉంది, అంటే నాళాల లోపల వాపు. షట్టరు కూడా సగం దిగి ఉంది, అంటే నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంది. మోటరు ఎంత మంచిదైనా బావిలో నీళ్లు ఉంటేనే కదా తోడేది. డిసెంబర్ చలిలో తెల్లవారుజామున నోటితో పొడిగాలి పీలుస్తూ ఉరికితే నాళాల లోపలి తడి ఆరి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. తమాషా ఏంటంటే, ఇది ఎక్కువగా పరుగు ఆపిన ఐదు పది నిమిషాలకు ముదురుతుంది. లైన్ దాటాక దగ్గుతూ, ఛాతీలో పిల్లికూతలతో కూలబడిన పిల్లను పట్టుకుని "స్టామినా లేదు" అని తిట్టే కోచ్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయికి కావాల్సింది ఇంకో రౌండ్ కాదు, డాక్టరు.

సాల్బుటమాల్, అంటే అస్తాలిన్‌లో ఉండే మందు, ఆ షట్టరు ఎత్తుతుంది. నిమిషాల్లో పని మొదలై నాలుగైదు గంటలు ఉంటుంది. డాక్టరు రాస్తే పరుగుకు ఓ పది పదిహేను నిమిషాల ముందు తీసుకుంటారు. దానివల్ల ఆ అమ్మాయికి వచ్చేది తన మోటరు తోడగలిగిన నీళ్లే, పక్కవాళ్ల వాటా కాదు. పూడిక మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని తీసేది బ్యుడెసనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్. స్టెరాయిడ్ అనగానే ఉలిక్కిపడకండి, జిమ్‌లో కండలకు వాడేది వేరు, ఇది వేరు. పూడిక తీయకుండా రోజూ షట్టరు మాత్రమే ఎత్తుతూ పోతే, కొన్నాళ్లకు ఆ మందు మునుపు ఎత్తినంత ఎత్తదు.

టైమ్ అయిపోతోందని ఎడిటర్ చెయ్యి ఊపుతున్నాడు, డోపింగ్ రూల్స్ గబగబా చెప్పేస్తా. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' లెక్కలో పీల్చే సాల్బుటమాల్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల వరకు, ఏ 8 గంటలు చూసినా 600 దాటకుండా ఉండాలి. అస్తాలిన్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు ఉంటాయి. ఇది డోపింగ్ హద్దు మాత్రమే, మీ డోసు కాదు. 2017లో స్పెయిన్ సైకిల్ రేసులో బ్రిటన్ సైక్లిస్టు క్రిస్ ఫ్రూమ్ మూత్రంలో సాల్బుటమాల్ హద్దు దాటింది, 2018 జూలైలో కేసు కొట్టేసేదాకా నెలల తరబడి గొడవ నడిచింది. అదే మందు మాత్రగానో సిరప్‌గానో తీసుకుంటే నిషేధమే. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డాక్టరు రాసిన డోసులో పర్వాలేదు, స్టెరాయిడ్ మాత్రలూ ఇంజెక్షన్లూ మాత్రం పోటీ సమయంలో కుదరవు. సాల్బుటమాల్ లాంటిదే ఇంకో మందు టెర్బ్యుటలిన్, దానికి ముందస్తు అనుమతి లేకపోతే ఏ రూపంలోనైనా నిషేధం. మన మెడికల్ షాపుల్లో దగ్గుకి ఇచ్చే సిరప్‌లు చాలావాటిలో అది ఉంటుంది. స్టేట్ మీట్‌కి, నేషనల్స్‌కి వెళ్లేవాళ్లు సీసా మూత తీసేముందు లేబుల్ మీద ఆ పేరుందేమో చూసుకోండి.