పరీక్ష పెట్టేది ఒకరు, క్రెడిట్ ఇచ్చేది మరొకరు

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం పిల్లల నాట్యం క్లాసులు, క్రికెట్ వదులుకుని ఇంతమంది ఈ లైబ్రరీ హాలుకు వస్తారని నేను అనుకోలేదు. నిర్వాహకులు కరపత్రంలో ‘ఏపీ క్రెడిట్లపై సదస్సు’ అని వేశారు. అది చూసి ఒక పెద్దాయన నాకు ఫోను చేసి, అమరావతి గురించి కూడా మాట్లాడతారా అని అడిగారు. ఆ ఏపీ వేరు, ఈ ఏపీ వేరు. ఇది హైస్కూల్లో చదివే కాలేజీ స్థాయి కోర్సు, పేరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. దానికి చుట్టాలైన క్లెప్ (క్లాసుకు వెళ్లకుండా రాసే పరీక్షలు), డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉంటూనే చదివే కాలేజీ కోర్సు), ట్రాన్స్‌ఫర్ (కాలేజీ మారడం) సంగతులు కూడా చెబుతాను.

నేను ఇక్కడే, టెక్సాస్‌లో, ఒక కమ్యూనిటీ కాలేజీలో విద్యార్థులకు సలహాలిచ్చే ఉద్యోగం చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే మనవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. “మావాడికి ఇప్పటికే 40 క్రెడిట్లు ఉన్నాయండీ.” నేను అడిగే మొదటి ప్రశ్న, “ఎక్కడ ఉన్నాయి?” అని. వాళ్లు నన్ను వింతగా చూస్తారు.

మనలో చాలామంది సంవత్సరాల లెక్కన చదువుకున్నాం. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు. సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ. ఇక్కడ లెక్క క్రెడిట్లలో ఉంటుంది. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. ఒక కోర్సుకు ఎక్కువగా 3 ఉంటాయి. స్థూలంగా ఒక క్రెడిట్ అంటే ఒక సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట క్లాసు. ఈ 120ని ఒకే చోట, ఒకే విధంగా సంపాదించాలన్న నియమం లేదు. మన పిల్లలకు అదే వరం, అదే చిక్కు.

మే నెలలో పిల్లలు ఏపీ పరీక్ష రాస్తారు. దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డు 1 నుంచి 5 వరకు ఒక స్కోరు ఇస్తుంది. అంతటితో దాని పని అయిపోయింది. ఆ 5ను క్రెడిట్‌గా మార్చాలా వద్దా, మారిస్తే ఏ కోర్సు కింద రాయాలన్నది చేర్చుకునే కాలేజీ ఇష్టం. డార్ట్‌మత్ కాలేజీ 2014లో చేరిన బ్యాచ్ నుంచి ఏపీకి డిగ్రీ క్రెడిట్ ఇవ్వడం మానేసింది. కాల్‌టెక్ కూడా ఇవ్వదు. ఇక్కడ టెక్సాస్‌లో పరిస్థితి నయం. 2015లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు మొదటి రెండేళ్ల స్థాయి కోర్సులకు 3 స్కోరుకే క్రెడిట్ ఇవ్వాలి. అంతకన్నా ఎక్కువ అడగాలంటే కాలేజీ ఆధారం చూపించాలి.

అయితే క్రెడిట్ రావడం వేరు, అది డిగ్రీకి పనికిరావడం వేరు. డిగ్రీకి తప్పనిసరైన కోర్సుల గడిలో పడని క్రెడిట్లన్నీ ‘ఎలెక్టివ్’, అంటే ఐచ్ఛిక కోర్సులు, అనే సంచిలోకి వెళ్తాయి. ఇంజనీరింగ్ డిగ్రీలో ఆ సంచి చాలా చిన్నది. ట్రాన్స్‌క్రిప్టులో, అంటే కాలేజీ ఇచ్చే మార్కుల పట్టీలో, 40 కనబడతాయి, పిల్లవాడు మాత్రం మొదటి సంవత్సరపు క్లాసుల్లోనే కూర్చుంటాడు.

ఈ పాఠం నేను ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అమ్మాయికి ఏపీ యూఎస్ గవర్నమెంట్‌లో 5 వచ్చింది. ప్రభుత్వం సబ్జెక్టు అయిపోయిందని మేము స్వీట్లు పంచుకున్నాం. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి గవర్నమెంట్ కింద 6 క్రెడిట్లు ఉండాలి. అందులో టెక్సాస్ రాజ్యాంగం కూడా చదవాలి. ఏపీ పరీక్షలో టెక్సాస్ ఊసే ఉండదు. అంటే 3 వచ్చాయి, ఇంకో 3 మిగిలాయి. స్నేహితులందరూ ఇంటర్న్‌షిప్పులకు వెళ్లిన వేసవిలో అమ్మాయి టెక్సాస్ గవర్నమెంట్ చదువుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఆ సామెత మా ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

పిల్లలను డాక్టర్లు చేయాలనుకునే తల్లిదండ్రులు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్ తీసుకుని ఆ కోర్సులు వదిలేయడం తొందరపాటు. చాలా మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవు. కొన్ని ఒప్పుకున్నా, అదే సబ్జెక్టులో పై కోర్సు కాలేజీలో చేసి చూపించమంటాయి. 5 వచ్చినా మళ్లీ చదవడమా అని పిల్లలు నొచ్చుకుంటారు. చదవనివ్వండి.

డ్యూయల్ క్రెడిట్ గురించి మనవాళ్లకు ఒక చిన్నచూపు ఉంది, ఏపీ కన్నా తేలిక అని. నేను ఒప్పుకోను. ఏపీలో స్కోరు బాగా రాకపోతే కాలేజీకి పంపకుండా ఊరుకోవచ్చు. డ్యూయల్ క్రెడిట్ మాత్రం అసలు సిసలు కాలేజీ కోర్సు. పదహారేళ్ల వయసులో తెచ్చుకున్న సి గ్రేడు ఆ కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. మెడికల్ స్కూలు దరఖాస్తులో ఆ ట్రాన్స్‌క్రిప్టు కూడా పెట్టాల్సిందే. ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివేవారికి మాత్రం అంత చవకైన దారి మరొకటి లేదు.

ఇక ట్రాన్స్‌ఫర్. 2004 నుంచి 2009 మధ్య కాలేజీలు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసింది. అంత నష్టం నా బల్ల ముందు నేను కూడా చూశాను. కానీ టెక్సాస్‌లో దీనికి మంచి కవచం ఉంది. 42 క్రెడిట్ల కోర్ అంటారు, ఏ డిగ్రీ వారైనా చదవాల్సిన సాధారణ కోర్సుల కట్ట అది. దాన్ని ఒక ప్రభుత్వ కాలేజీలో పూర్తి చేస్తే, మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయం దాన్ని మొత్తంగా తీసుకోవాలి, ఇంకో కోర్ కోర్సు అడగకూడదు. 39 దగ్గర ఆగిపోయి వెళ్లినవారికి ఆ రక్షణ ఉండదు. ఒక్కో కోర్సునూ విడిగా లెక్కిస్తారు. మొదటి రెండేళ్ల స్థాయి కోర్సుల నంబర్లు కూడా రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నిటా ఒకటే. ఇంగ్లీష్ 1301 అంటే మొదటి అంకె ఏ సంవత్సరపు కోర్సో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. కాలిఫోర్నియాలో బంధువులున్నవారు అక్కడి ‘అసిస్ట్’ వెబ్‌సైటు చూడమనండి. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో దేనికి సమానమో అందులో ఉంటుంది. ఎంత తెచ్చినా, డిగ్రీ ఇచ్చే కాలేజీలో కనీసం పాతిక శాతం, అంటే 30 క్రెడిట్లు చదవాలన్నది ఈ ప్రాంతంలో గుర్తింపు సంస్థ నియమం.

ఇప్పుడు వెనుక వరుసల్లో కూర్చున్నవారితో మాట్లాడాలి. పిల్లల కోసం వచ్చామని అనుకుంటున్న అమ్మలతో. డిగ్రీ మధ్యలో పెళ్లయి ఇక్కడికి వచ్చినవారు మీలో ఎందరో ఉన్నారని నాకు తెలుసు. క్లెప్ పరీక్షలు 1967లో మొదలైంది అచ్చంగా మీలాంటివారి కోసమే. క్లాసుకు వెళ్లకుండా నేర్చుకున్న చదువుకు క్రెడిట్ ఇవ్వడానికి. 34 సబ్జెక్టులున్నాయి. ఎక్కువ పరీక్షలు గంటన్నరే. స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది, చాలా కాలేజీలు 50 చాలంటాయి. తప్పు రాస్తే మార్కులు కోయరు. పోతే మూడు నెలల తర్వాత మళ్లీ రాయవచ్చు. పరీక్ష రుసుము సుమారు 100 డాలర్లు. పరీక్షా కేంద్రం విడిగా కొంత తీసుకోవచ్చు. ‘మోడర్న్ స్టేట్స్’ అనే సంస్థ ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా చెబుతుంది. పాఠాలు పూర్తి చేస్తే పరీక్ష రుసుము కూడా అదే కడుతుంది.

నా దగ్గరకు వచ్చిన ఒకావిడ గుంటూరులో బీకాం రెండేళ్లు చదివి ఆపేశారు. ఆ మార్కుల మెమోలు పెట్టె అడుగున, పట్టుచీరల కింద దాచుకున్నారు. వాటిని పారేయాలా అని నన్ను అడిగారు. అసలు పారేయవద్దు. విదేశీ చదువులను మదింపు చేసే సంస్థకు మీ విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్స్‌క్రిప్టు పంపించి, ‘కోర్సుల వారీ’ నివేదిక అడగండి. డిగ్రీ సమానమని మాత్రమే చెప్పే నివేదిక చవకే, కానీ క్రెడిట్ల బదిలీకి పనికిరాదు. అప్పటి సిలబస్ కాపీ కూడా సంపాదించండి. ఊళ్లో తమ్ముడో మరిదో ఉంటే విశ్వవిద్యాలయం చుట్టూ నాలుగు సార్లు తిరగక తప్పదు. ఆవిడకు ఆ మెమోల నుంచి కొన్ని క్రెడిట్లు, క్లెప్ అకౌంటింగ్, మార్కెటింగ్ నుంచి ఇంకొన్ని వచ్చాయి. ఇప్పుడు మా కాలేజీలోనే సాయంత్రం క్లాసులకు వస్తున్నారు.

మన తెలుగుకు క్రెడిట్ రాదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఏపీలోనూ, క్లెప్‌లోనూ తెలుగు లేదు. భారతీయ భాష ఒక్కటీ లేదు. నాకూ బాధగానే ఉంది.

చివరగా ఒక పని చెబుతాను. ఏ పరీక్షకైనా డబ్బు కట్టే ముందు, వెళ్లాలనుకుంటున్న కాలేజీకి ఈమెయిల్ రాసి ఇలా అడగండి: “ఈ స్కోరు వస్తే, ఈ డిగ్రీలో, ఏ కోర్సు బదులు లెక్కిస్తారు?” క్రెడిట్ ఇస్తారా అని మాత్రమే అడిగితే ఇస్తామనే అంటారు. జవాబును దాచుకోండి, ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ఆ కాలేజీ నియమాలున్న పేజీని తేదీతో సహా ప్రింటు తీసి పెట్టుకోండి. ఎందుకంటే నియమాలు ఏటా మారతాయి.

లైబ్రరీ ఎనిమిదింటికి మూస్తారట, మనకు ఇంకా నలభై నిమిషాలున్నాయి. ట్రాన్స్‌క్రిప్టులు, మెమోలు తెచ్చుకున్నవారు ముందుకు రండి. పేరు, పుట్టిన తేదీ కనబడకుండా కాగితం మడిచి ఇవ్వండి. ముందుగా వెనుక వరుసల వారు.