స్పేస్ వార్‌గేమ్‌లో ఎదుటి షిప్‌ని అందుకోవడం ఎలా

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే కొండాపూర్ దాకా వచ్చారు, టైమ్ వేస్ట్ చెయ్యకుండా నేరుగా మ్యాప్ మీదకి వెళ్దాం.

కొత్తగా ఆడేవాళ్లు దాదాపు అందరూ చేసేది ఒకటే, శత్రువు షిప్ ఎక్కడుంటే అటు తిరిగి ఫుల్ థ్రస్ట్ కొట్టేస్తారు, నాలుగు టర్న్‌లయ్యేసరికి వాడో మూల మనమో మూల. 1973లో వచ్చిన ట్రైప్లానెటరీ లాంటి వెక్టర్ బోర్డ్ గేముల్లో, అంటే షిప్ వేగం, దిశ రెండూ లెక్కలోకి వచ్చే గేముల్లో, షిప్‌కి బ్రేకులుండవు. పోయిన టర్న్‌లో ఎటు ఎన్ని హెక్స్‌లు (మ్యాప్ మీది ఆరుమూలల గళ్లు) వెళ్లిందో ఈ టర్న్‌లోనూ అటే అన్నే వెళ్తుంది, ఇంజిన్ వేస్తే చేరే చోటు ఒక్క హెక్స్ జరుగుతుంది, అంతే.

అందుకే ముందు తీసివేత చెయ్యండి. వాడు తూర్పుకి 3, మనం తూర్పుకి 5 అనుకోండి, వాడు ఆగున్నాడు మనం 2తో వెళ్తున్నాం అని లెక్కేసుకోవచ్చు. ఓఆర్ఆర్ మీద మనతో సమానంగా వచ్చే పక్క కారు కదలనట్టే కనిపిస్తుంది కదా, అదే ఇది.

ఇక అసలు సంగతి: వాణ్ణి కొట్టి పోదామా, లేక వాడి షిప్ ఎక్కాలా? వాడు 12 హెక్స్‌ల దూరంలో ఉన్నాడు, వాడితో పోలిస్తే మనమూ ఆగున్నాం, మన థ్రస్ట్ 1, అంటే టర్న్‌కి స్పీడ్ ఒక్క పాయింటే మార్చగలం, దానికి ఒక ఫ్యూయల్. కొట్టడానికైతే టర్న్‌కి ఇన్ని హెక్స్‌ల చొప్పున 1, 2, 3, 3, 3, ఐదు టర్న్‌ల్లో వాడి హెక్స్‌లో ఉంటాం, ఫ్యూయల్ 3. కానీ స్పీడ్ 3 ఇంకా ఉంది, మరుసటి టర్న్‌లో దాటి పోతాం. ఎక్కాలంటే 1, 2, 3, 3, 2, 1, ఆ తర్వాత సున్నా: ఏడు టర్న్‌లు, ఫ్యూయల్ 6. పెంచిన ప్రతి పాయింటూ తగ్గించడానికి మళ్లీ ఖర్చవుతుంది. టాప్ స్పీడ్ 3 అయితే మధ్యలో ఇంజిన్ ఆపకుండా వెళ్లే దూరం 9, 4 అయితే 16, వర్గాలు (3×3, 4×4) గుర్తుంటే చాలు, నాకు ఈ లెక్క భలే ఇష్టం!

నిజం రోదసిలో ఇంకా కష్టం. 1965 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమినై 4లో వ్యోమగామి మెక్‌డివిట్ విడిపోయిన రాకెట్ స్టేజ్ దగ్గరికి వెళ్దామని నేరుగా దానివైపే థ్రస్ట్ ఇచ్చాడు, అందలేదు, ఎందుకంటే కక్ష్యలో స్పీడ్ పెంచితే పైకి లేచి చివరికి వెనకబడతాం. రెండు ఉపగ్రహాల్ని రోదసిలో కలిపిన మన ఇస్రో స్పేడెక్స్ చూడండి, 2025 జనవరి 16న డాకింగ్ (ఒకదానికొకటి అతుక్కోవడం) అయ్యే ముందు 15 మీటర్ల దగ్గర ఆగి, 3 మీటర్ల దగ్గర మళ్లీ ఆగి, అప్పుడు కలిసింది. కలవడమంటే స్పీడ్ కూడా కలవడం.

మరి వాడూ థ్రస్ట్ వేస్తే? వాడు ఊరికే తేలితే చేరే హెక్స్ మీద చుక్క పెట్టండి, చుట్టూ వాడు చేరగల దూరం మొదటి టర్న్‌కి 1, రెండోదానికి 1+2 కలిపి 3, మూడోదానికి 1+2+3 కలిపి 6. మనదీ అలాగే గీయండి. మన థ్రస్ట్ 2 అయితే మూడో టర్న్‌కి 12. రెండు చుక్కల మధ్య దూరం 6 లోపుంటే వాడి వలయం మొత్తం మన వలయంలోనే ఉంటుంది, ఎటు తిరిగినా వాడు మనకి అందే దూరంలోనే ఉంటాడు. థ్రస్ట్‌లు సమానమైతే మాత్రం పారిపోవాలనుకున్నవాణ్ణి పట్టుకోవడం గ్యారంటీ లేదు, గన్ రేంజ్ కలుపుకుని చూసుకోవాల్సిందే.

ఫ్యూయల్ చూసుకోకుండా మాత్రం బయల్దేరకండి, 16 హెక్స్‌ల దూరంలో ఉన్నవాణ్ణి మధ్యలో ఇంజిన్ ఆపకుండా వెళ్లి కలవాలంటే స్పీడ్ పెంచడానికి 4, ఆగడానికి 4, మొత్తం 8 కావాలి, వాడు మధ్యలో తిరిగితే ఇంకా. 8 లేకపోతే నేనైతే ఎక్కే ఆలోచనే మానేసి రేంజ్‌లోంచి కొట్టి దాటిపోయే దారి గీస్తాను. పెన్సిళ్లు టేబుల్ మీదున్నాయి, 12 హెక్స్‌ల మ్యాప్‌తో మొదలుపెడదాం రండి.