శనక్కాయలో రకాలు ఎన్నున్నా ఇల్లు ఒకటే

నమస్తే అన్నా, అక్కా. విత్తనాల సీజన్ వస్తే చాలు, మా అనంతపురంలో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే మాట. శనక్కాయలో టీఎంవీ 2 ఉంది, కదిరి 6 ఉంది, కదిరి లేపాక్షి ఉంది, ఇన్ని రకాలు పెట్టుకొని కొత్త రకం కోసం మళ్లా అడవి మొక్కలతో కలిపే పనేం అని. ఇది విన్నప్పుడల్లా నాకు ఉండబట్టదు. పేర్లు వేరైతే రక్తం వేరైపోదు కదప్పా!

మేనరికాలు తెలుసు కదా, శనక్కాయది అట్లాంటి ఇల్లే. కత మొత్తం ఒక్క పెళ్లితో మొదలైంది. దక్షిణ అమెరికాలో, బొలీవియా అర్జెంటీనా దిక్కున, అరాకిస్ డ్యూరనెన్సిస్ అని ఒక అడవి మొక్క, అరాకిస్ ఇపయెన్సిస్ అని ఇంకోటి, చెరో 20 క్రోమోజోములు, అంటే గుణాలు మోసే డీఎన్ఏ పోగులు. సుమారు 10 వేల ఏండ్ల కింద ఆ రెండూ కలిసినాయి, పుట్టిన బిడ్డకు క్రోమోజోములు రెట్టింపై 40 అయినాయి, ఆ బిడ్డ సంతతే మనం వేసే పంట. ఇంక చూడండి, అడవి చుట్టాలకు 20, దీనికి 40, జాతకాలు యాడ కుదరతాయి? బయట సంబంధం బంద్. పైగా పువ్వు లోపలే దాని పుప్పొడి దానికే పడిపోతాది, అంటే మేనరికం కన్నా దగ్గర. గుత్తి రకం, తీగ రకం, రెండు గింజలు, మూడు గింజలు, ఇవన్నీ ఒకే ఇంట్లో ఒకడు పొడుగు ఒకడు పొట్టి అన్నట్టే.

మరి తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగులు వస్తే? గట్టిగా తట్టుకునే గుణం ఆ ఇంట్లో చానా తక్కువ మందికి ఉంది. ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలిన చేను చూసినోళ్లకు ఆ బాధ తెలుసు.

అందుకే అరాకిస్ కార్డెనాసి అనే బొలీవియా అడవి చుట్టాన్ని తెచ్చినారు. 40కి 20కి కలిపితే పుట్టేది 30, అది గొడ్డు మొక్క, కాయ కాయదు. కాల్చిసిన్ అనే మందుతో దాన్ని 60 చేసి, మళ్లా మళ్లా శనక్కాయతోనే కలుపుతా 40కి దింపినారు, ఎంత ఓపికో ఆలోచించండి! కొత్త అల్లుడితో పాటు ఆ ఇంటి గుణాలన్నీ వస్తాయి కదా, సన్న కాయ, పీకితే నేలలోనే తెగిపోయే కాయ, అవి వదిలించుకోడానికే ఏండ్లు పడతాది. కర్ణాటక ధార్వాడలో తీసిన జీపీబీడీ 4 అనే శనక్కాయ రకంలో ఆ రక్తం ఉంది, ఆకుమచ్చ, తుప్పు రెండిటినీ తట్టుకుంటాది.

టైం అయిపోతాంది, గబగబా చెప్పేస్తా. 2016లో ఆ అడవి తల్లిదండ్రుల జీనోమ్, అంటే డీఎన్ఏ మొత్తం రాత, 2019లో సాగు శనక్కాయ జీనోమ్ చదివేసినారు, కాబట్టి తెగులు వచ్చేదాకా కాచుకోకుండా లేత మొక్క ఆకులో డీఎన్ఏ తీసి, తట్టుకునే గుణం ఉందా లేదా అని మార్కర్ అనే డీఎన్ఏ గుర్తుతో చూసుకోవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో సుమారు 15 వేల శనక్కాయ శాంపిళ్లు ఉన్నాయి, అన్నీ చేలో వేసి చూడలేరు గాబట్టి 184 ఏరి మినీ కోర్ అని పెట్టినారు, ఇంట్లోనే దూరపు చుట్టాలను వెతికినట్టు. వాన లేకున్నా నిలబడేవి దాంట్లో దొరికినాయి. మనకు కావాల్సింది అదే కాబట్టి వాటి వేర్ల సంగతి వచ్చే వీడియోలో.