ప్రొడక్ట్ లైన్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

శ్రోతలకు నమస్కారం. ఒక కంపెనీ పొడిజుట్టుకు ఒక షాంపూ, చుండ్రుకు ఇంకొకటి, పసిపిల్లలకు మరొకటి తయారుచేస్తుందనుకుందాం. ఈ షాంపూలన్నీ కలిపి ఒక ప్రొడక్ట్ లైన్. అదే కంపెనీ సబ్బులు కూడా అమ్మితే అవి వేరే లైన్. లైన్లన్నీ కలిస్తే ప్రొడక్ట్ మిక్స్. పరీక్ష రాసేవాళ్లకు ఇంత చాలు. వ్యాపారం చేసేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

1920ల మొదట్లో అమెరికాలో జనరల్ మోటార్స్ దగ్గర కార్లకు కొదవ లేదు. కానీ వాటిలో కొన్నింటి ధరలు దాదాపు ఒక్కటే. అంటే కంపెనీ కారు కంపెనీ కారుకే పోటీ! కంపెనీని నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ వాటిని ధరను బట్టి మెట్లుగా పేర్చాడు. అడుగున షెవర్లే, పైన కాడిలాక్. షెవర్లేకీ దాని పై మెట్టు ఓల్డ్స్‌మొబీల్‌కీ మధ్య ఖాళీ కనబడితే 1926లో పాంటియాక్‌ను తెచ్చారు. చవక కారుతో మొదలుపెట్టిన మనిషి, ఆదాయం పెరిగేకొద్దీ అదే కంపెనీలో పై మెట్టు ఎక్కాలన్నది ఎత్తుగడ.

టయోటా పైమెట్టు వెతుక్కున్న తీరు వేరు. 1989లో ఖరీదైన కార్లను లెక్సస్ అనే కొత్త పేరుతో అమ్మింది. చవకకు పేరుపడ్డ బ్రాండు మీద ఖరీదైన సరుకు అమ్మడం కష్టమే మరి.

ఇక తీసేయడం సంగతి. 1997లో స్టీవ్ జాబ్స్ ఆపిల్‌కు తిరిగొచ్చేసరికి కంప్యూటర్ మోడళ్లు కుప్పలుగా ఉన్నాయి. ఆయన బోర్డు మీద నాలుగు గళ్లు గీశాడు: మామూలు వాడకందార్లకు రెండు, వృత్తి నిపుణులకు రెండు; ప్రతి జతలో ఒకటి బల్ల మీద పెట్టేది, ఒకటి వెంట తీసుకెళ్లేది. గడికొక యంత్రం చాలన్నాడు. ఆ ఆర్థిక సంవత్సరంలో నష్టం 100 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది లాభం వచ్చింది. కోతల వల్లే వచ్చిందని నేను అనను, 1998లో వచ్చిన ఐమాక్ కంప్యూటర్‌కూ అందులో వాటా ఉంది. కానీ ఏ మోడల్ ఎవరికో అమ్మేవాడే చెప్పలేనప్పుడు ఆ లైన్ చెడినట్టేనని నా అభిప్రాయం.

అలాగని అమ్మకాల పట్టికలో అడుగున ఉన్నవాటినల్లా తీసేస్తే దెబ్బతింటాం. బ్లేడు మార్చుకునే రేజర్లలో పిడి ఒకసారే కొంటారు, బ్లేడ్లు మళ్లీ మళ్లీ కొంటారు. లాభం బ్లేడ్లదే. పిడి మీద ఏమీ మిగలడం లేదని దాన్ని ఆపేస్తే, ఆ బ్లేడ్లు దేనికి తగిలించుకుంటారు?