ఏప్రిల్ స్కోర్లు నమ్మొచ్చా? టెక్సస్ రేంజర్స్ కుర్రాళ్ల రివ్యూ

నమస్తే అండి. బేస్‌బాల్ సీజన్ మొదలైంది. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది ఆర్లింగ్టన్ వెళ్లి టెక్సస్ రేంజర్స్ మ్యాచ్ చూసి వస్తుంటారు. ఈ వీడియో ఆ పెద్ద టీమ్ గురించి కాదు. ఆ టీమ్‌లోకి రావాలని కింద మైనర్ లీగ్‌ల్లో ఆడుతున్న కుర్రాళ్ల గురించి. ఏప్రిల్‌లో వాళ్ల స్కోర్లు చూసి ఎవడు పైకొస్తాడో చెప్పగలమా? గత కొన్నేళ్లలో ఈ కుర్రాళ్లు సీజన్ ఎలా మొదలుపెట్టారు, ఆ తర్వాత ఏమయ్యారు అన్నది చూద్దాం. నా మాట ముందే చెప్పేస్తాను. ఏప్రిల్‌లో బ్యాటింగ్ యావరేజ్‌నీ, పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఈఆర్ఏనీ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన వల్ల పోయిన పరుగులు) పక్కన పెట్టండి. వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దొరికే మొదటి బేస్) చూడండి, స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడం) చూడండి, కుర్రాడి వయసు చూడండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి మేజర్ లీగ్ టీమ్‌కీ సీజన్ పొడవునా ఆడే నాలుగు మైనర్ లీగ్ టీమ్‌లు ఉంటాయి. కింద నుంచి లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. రేంజర్స్‌కి లో-ఏ టీమ్ నార్త్ కరోలినాలోని హికరీలో ఉంది, హై-ఏ సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో ఉంది. ట్రిపుల్-ఏ ఆస్టిన్ పక్కనే ఉన్న రౌండ్ రాక్. డబుల్-ఏ మన ఫ్రిస్కో, కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరే. ఇంకో విషయం, స్పార్టన్‌బర్గ్ టీమ్ 2025లోనే వచ్చింది. అంతకుముందు హికరీయే హై-ఏ. పాత లెక్కలు వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

మనకి రంజీ ట్రోఫీ తెలుసు. అక్కడ రాష్ట్రం జట్టు గెలవడానికే ఆడుతుంది. ఇక్కడ గెలుపు రెండో విషయం. పిచ్చర్ అద్భుతంగా వేస్తున్నా, అనుకున్నన్ని పిచ్‌లు (ఇక్కడ పిచ్ అంటే విసిరే బంతి) పూర్తయితే దింపేస్తారు. కొత్త రకం పిచ్ నేర్చుకుంటున్న కుర్రాడైతే, దెబ్బలు తిన్నా సరే, దాన్నే మళ్లీ మళ్లీ వేయమంటారు. అలాంటి రోజు వాడి ఈఆర్ఏ పెరుగుతుంది. మనం స్కోర్‌కార్డు చూసి వీడి పని అయిపోయిందనుకుంటాం. వాడు మాత్రం తనకి చెప్పిన పనే చేసి ఉంటాడు.

బ్యాటర్ల విషయంలో ఒక చిన్న లెక్క చెప్తాను. ఏప్రిల్ పూర్తయ్యేసరికి ఒక కుర్రాడికి 88 ఎట్-బ్యాట్లు (వాక్‌లు కలపకుండా లెక్కపెట్టే బ్యాటింగ్ అవకాశాలు) వచ్చాయనుకుందాం. 22 హిట్లు కొడితే యావరేజ్ 0.250. 27 కొడితే 0.307. మధ్యలో తేడా ఐదు హిట్లు. నెల మొత్తంలో ఐదు బంతులు ఫీల్డర్ చేతికి అంగుళం దూరంలో వెళ్లాయా, చేతిలోనే పడ్డాయా అన్నదే ఆ తేడా. వాక్ అలా కాదు. నాలుగు చెడ్డ బంతుల్ని వదిలేసి నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లాలంటే కన్ను పనిచేయాలి. అందులో ఫీల్డర్ అదృష్టానికి చోటు లేదు.

దీనికి నేను చూసినవాళ్లలో ఇవాన్ కార్టర్‌ని మించిన ఉదాహరణ లేదు. టెనెసీలో ఎలిజబెత్‌టన్ అనే చిన్న ఊరి కుర్రాడు. 2020 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వరుసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) రేంజర్స్ 50వ పిక్‌తో తీసుకున్నప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. పైకొస్తారనుకునే కుర్రాళ్ల పేరున్న లిస్టుల్లో వాడి పేరే లేదు. ఎవడీ కుర్రాడు, రేంజర్స్‌కి ఏమైంది అన్నారు. 2021లో లో-ఏలో మొదలుపెట్టాడు. కోవిడ్ వల్ల ఆ ఏడాది సీజన్ మే నెలలో మొదలైంది. 32 మ్యాచ్‌లు ఆడాక వెన్ను ఎముకకి గాయం, సీజన్ అయిపోయింది. అప్పటికి యావరేజ్ 0.236.

ఆ అంకె ఒక్కటే చూసినవాళ్లు, చెప్పాం కదా, అనుకునే ఉంటారు. కానీ అదే వరుసలో ఆన్-బేస్ పర్సంటేజ్ చూడండి. 0.438! అంటే వంద సార్లు బ్యాట్ పట్టుకుని నిలబడితే దాదాపు 44 సార్లు అవుట్ కాకుండా బేస్ చేరాడు. 32 మ్యాచ్‌ల్లో స్ట్రైకవుట్ల కంటే వాక్‌లే ఎక్కువ. అప్పటికి వాడి వయసు 18. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చి, తనకంటే పెద్దవాళ్లు వేసే బంతుల్లో ఏది స్ట్రైకో ఏది కాదో తేల్చుకుంటున్నాడు. అది చేత్తో నేర్పేది కాదండి. ఆ రోజుల్లో వాక్‌ల కాలమ్ చూసినవాళ్లకి విషయం అర్థమైపోయింది.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. 2023 సీజన్‌లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలో ఆడాడు. కొద్ది రోజులు రౌండ్ రాక్, 21 ఏళ్లు నిండిన పదో రోజున, సెప్టెంబర్ 8న మేజర్ లీగ్. ఆ ప్లేఆఫ్స్‌లో రేంజర్స్ ఆడిన 17 మ్యాచ్‌ల్లోనూ బేస్ చేరాడు. తొమ్మిది డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టాడు, ఒక ఏడాది ప్లేఆఫ్స్‌లో అది రికార్డు. రేంజర్స్ చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ ట్రోఫీ వచ్చింది. ఏప్రిల్‌లో ఫ్రిస్కోలో పక్క సీట్లో కూర్చుని చూసిన కుర్రాడు నవంబర్‌లో ట్రోఫీ పట్టుకుంటే, ఆ ఆనందం వేరు. ఆ తర్వాత వెన్ను నొప్పి మళ్లీ వాడి దారికి అడ్డం పడింది. అది తల్చుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ. జాక్ లైటర్. 2021 డ్రాఫ్ట్‌లో రెండో పిక్, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచ్చర్, వాళ్ల నాన్న ఆల్ లైటర్ పేరున్న మేజర్ లీగ్ పిచ్చర్. కింది లెవెల్స్ ఏమీ లేకుండా 2022 ఏప్రిల్‌లో నేరుగా ఫ్రిస్కోలో మొదలుపెట్టాడు. మొదటి మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకవుట్లు. ఊరంతా పండగ చేసుకుంది. సీజన్ ముగిసేసరికి ఈఆర్ఏ 5.54. ఎక్కడ దెబ్బతిన్నాడంటే, 92 ఇన్నింగ్స్ పైచిలుకులో 56 వాక్‌లు ఇచ్చాడు. స్ట్రైకవుట్లు 109 ఉన్నాయి, బంతిలో దమ్ము ఉంది, కానీ చెప్పినచోట పడటం లేదు.

2024 ఏప్రిల్‌లో రౌండ్ రాక్‌లో అదే కుర్రాడు. మూడు మ్యాచ్‌ల్లో 25 స్ట్రైకవుట్లు, మూడే వాక్‌లు. ఈఆర్ఏ చూస్తే 3.77, మామూలుగానే ఉంది. నాకు మాత్రం ఆ మూడు వాక్‌లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ నెల 18న డెట్రాయిట్‌లో మేజర్ లీగ్‌లోకి తీసుకుంటే ఏడు పరుగులిచ్చి నాలుగో ఇన్నింగ్స్‌లోనే దిగిపోయాడు. అయినా 2025 వచ్చేసరికి రేంజర్స్ రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లలో) నిలబడిపోయాడు. ఏప్రిల్‌లో ఒక మంచి సంకేతం కనిపించినా, అది పండటానికి ఏడాది పట్టొచ్చు.

వయసు సంగతికొద్దాం. సెబాస్టియన్ వాల్కాట్, బహమాస్ కుర్రాడు, షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. 2024లో 18 ఏళ్లకే హికరీలో హై-ఏ ఆడించారు. మొదటి వారాల్లో బాగా తడబడ్డాడు. చూసేవాళ్లకి టెన్షన్. కానీ ఎదురుగా ఉన్న పిచ్చర్లలో చాలామంది కాలేజీ ముగించి వచ్చినవాళ్లు, వీడికంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. వేసవిలో దారిలో పడ్డాడు, సీజన్ చివరికి ఫ్రిస్కో చేరాడు. 18 ఏళ్లవాడు ఏప్రిల్‌లో తడబడటమూ 24 ఏళ్లవాడు తడబడటమూ ఒకటి కాదు. స్కోర్‌కార్డులో వయసు ఉండదు, మనమే చూసుకోవాలి. వయాట్ లాంగ్‌ఫర్డ్ అనే బ్యాటర్‌ది ఇంకో రకం. 2024లో నేరుగా మేజర్ లీగ్‌లో సీజన్ మొదలుపెట్టాడు, ఏప్రిల్ 28 దాకా ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) లేదు. సెప్టెంబర్‌లో అమెరికన్ లీగ్ ప్లేయర్ ఆఫ్ ద మంత్ వాడే.

కుమార్ రాకర్ గురించి చెప్పకుండా వీడియో ముగించలేను. వాళ్లమ్మ వైపు కుటుంబం ఇండియా నుంచి వచ్చింది, అందుకే మనవాళ్లలో బేస్‌బాల్ చూడనివాళ్లకి కూడా ఈ పేరు తెలుసు. 2021లో న్యూయార్క్ టీమ్ మెట్స్ తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత కాంట్రాక్ట్ ఇవ్వలేదు. 2022లో రేంజర్స్ మూడో పిక్‌తో తీసుకుంది. 2023 సీజన్ మొదట్లో హికరీలో 28 ఇన్నింగ్స్‌కి 42 స్ట్రైకవుట్లు. నేను చెప్పిన లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మే నెలలో మోచేతికి టామీ జాన్ సర్జరీ. నా లెక్క చెప్పలేని సంగతి ఇదే. పిచ్చర్ చెయ్యి ఎప్పుడు మొరాయిస్తుందో ఏ కాలమ్‌లోనూ ఉండదు. 2024 జూలైలో తిరిగొచ్చి, మైనర్ లీగ్‌లో 55 స్ట్రైకవుట్లకి ఐదే వాక్‌లు ఇచ్చి, సెప్టెంబర్ 12న సియాటిల్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకవుట్లు. ఆ రోజు నేను కూర్చున్నచోట కూర్చోలేకపోయాను.

స్కోర్లు ఎక్కడ వచ్చాయో కూడా చూడండి. ఫ్రిస్కో ఆడే టెక్సస్ లీగ్‌లో అమరిల్లో, మిడ్‌లాండ్ ఉన్నాయి. అక్కడ పొడి గాలి, ఎత్తు ఎక్కువ, మామూలుగా గాల్లోకి లేచిన బంతి కూడా గోడ దాటుతుంది. అమరిల్లోలో ఆరు మ్యాచ్‌ల సిరీస్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడని వీడియోలు తిరిగితే సంతోషించండి, కానీ తొందరపడకండి. కరోలినాల్లో ఏప్రిల్ రాత్రులు చల్లగా ఉంటాయి, అక్కడ బంతి అంత దూరం పోదు.

చూడటం సులువే. ఎంఎల్‌బీ టీవీ చందా ఉంటే మైనర్ లీగ్ మ్యాచ్‌లు కూడా అందులో వస్తాయి. కింది లెవెల్స్‌లో కెమెరాలు తక్కువ, పిచ్ ఎలా తిరిగిందో సరిగ్గా తెలియదు. వీలైతే ఫ్రిస్కో రైడర్స్ ఫీల్డ్‌కే వెళ్లండి. మంగళవారం నుంచి ఆదివారం వరకు ఒకే టీమ్‌తో ఆరు మ్యాచ్‌లు, సోమవారం సెలవు. పిల్లలకి అవుట్‌ఫీల్డ్ వైపు లేజీ రివర్ (నీళ్లలో తేలుతూ తిరిగే కాలువ లాంటి కొలను) ఉంది. నాకు నచ్చేది మాత్రం బుల్‌పెన్, అంటే పిచ్చర్లు వార్మప్ చేసే చోటు. ఆ స్టేడియంలో బుల్‌పెన్లు ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటాయి. పిచ్చర్ వార్మప్ చేస్తుంటే బంతి గ్లవ్‌లో పడే చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది. 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం 30,250 డాలర్లు. కోట్లలో బోనస్ తీసుకున్నవాడూ, ఆ జీతం మీదే బతికేవాడూ పక్కపక్కనే నిలబడి బంతి విసురుతుంటారు. రెండోవాడికి కూడా చప్పట్లు కొట్టండి. మ్యాచ్‌కి వెళ్తే, మీకు నచ్చిన ఒక్క కుర్రాడిని ఎంచుకుని, ఆ రాత్రి వాడు ఎన్ని చెడ్డ బంతులు వదిలేశాడో లెక్కపెట్టి నాకు కింద రాయండి. జూన్ వీడియోలో ఆ పేర్లనే తీసుకుని చూద్దాం.