హాల్ టికెట్‌తో పాటే స్క్రైబ్ పేరు కూడా రావాలి

అందరికీ నమస్కారం. ఎగ్జామినేషన్ బ్రాంచ్ వాళ్లు కూడా వచ్చారు కాబట్టి ముందు పరీక్షల సంగతే మాట్లాడతాను.

2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక గుర్తించిన వైకల్యాలు ఏడు నుంచి 21 అయ్యాయి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. మంచిదే. కానీ వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపించి సీటు తెచ్చుకున్న అమ్మాయి మర్నాటి నుంచి క్లాసుకి ఎలా వస్తుంది, ఏం చదువుతుంది, పరీక్ష ఎలా రాస్తుంది అన్నది మాత్రం ఎవరి పనీ కాకుండా పోతోంది.

చూపు లేని విద్యార్థుల్ని అడగండి, పరీక్షల ముందు వారం ఎలా గడుస్తుందో చెబుతారు. మిగతావాళ్లు రివిజన్ చేసుకుంటుంటే వీళ్లు తాము చెప్పింది పరీక్షలో రాసిపెట్టే స్క్రైబ్ కోసం జూనియర్ కాలేజీల చుట్టూ తిరుగుతూ, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తూ ఉంటారు, ఒప్పుకున్న కుర్రాడు ముందురోజు రాత్రి ఊరెళ్తున్నానంటే మళ్లీ మొదటికొస్తారు. సబ్జెక్టు పదాలు స్పెల్లింగ్‌తో సహా చెప్పి రాయించాలి, అందుకే గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు పెట్టింది. మూడు గంటల పేపర్‌కు ఇంకో గంటన్నమాట. ఆ సంగతి హాల్లో ఇన్విజిలేటర్‌కు ఎవరూ చెప్పకపోతే టైమవగానే పేపర్ లాగేసుకుంటారు, అప్పుడు ఆ పిల్ల ఎవరితో వాదించాలి? స్క్రైబ్‌ల ప్యానెల్ పెట్టుకోవడం, రెండు రోజుల ముందే కలిసి మాట్లాడుకోనివ్వడం 2018 మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. పరీక్ష పెట్టేది యూనివర్సిటీ, స్క్రైబ్‌ను వెతకాల్సింది కూడా యూనివర్సిటీయే అని నా గట్టి అభిప్రాయం.

"నీకు 40 శాతం వైకల్యం లేదు కదమ్మా" అనే మాట కూడా ఇక మానేయాలి. చేతితో రాయడం కష్టమయ్యే రైటర్స్ క్రాంప్ ఉన్న వికాస్ కుమార్‌కు ఇదే కారణంతో యూపీఎస్సీ స్క్రైబ్‌ను ఇవ్వనంటే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలని లేదని 2021 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. ఈ తీర్పు కాపీ ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఉండాలి.

ర్యాంపు గురించి ఒక్క మాట. అడుగు ఎత్తు మెట్టుకు కనీసం 12 అడుగుల పొడవు ర్యాంపు కావాలి, లేకపోతే వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు తోస్తే తప్ప పైకి రాలేరు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల నివేదిక కూడా చూసి, ఇలాంటి ప్రమాణాల్ని సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి నిబంధనలుగా చేయమని కేంద్రానికి చెప్పింది.

ఇక బయటికి కనిపించనివి. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫిలియా లాంటి రక్తానికి సంబంధించిన జబ్బులు కూడా చట్టం గుర్తించిన ఆ 21 వైకల్యాల్లో ఉన్నాయి. తలసేమియా తీవ్రంగా ఉన్నవాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అంటే సెమిస్టర్‌లో ఎన్ని రోజులు ఆసుపత్రిలోనే పోతాయో మీరే లెక్కేసుకోండి. అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గగానే మెడికల్ సర్టిఫికెట్ తెమ్మంటారు, తెస్తే తగ్గిన అటెండెన్స్‌ను మన్నించడానికి కండొనేషన్ ఫీజు కట్టమంటారు. పుట్టినప్పటి నుంచీ ఉన్న జబ్బుకు ప్రతి సెమిస్టర్ రుజువేంటండీ? అడ్మిషన్ రోజే ఒకసారి రాసుకుని, ఆ పిల్లాడు తిరిగొచ్చేసరికి క్లాసు నోట్స్ అందేలా చూడండి చాలు.

మనసు బాగోకపోవడం కూడా ఆరోగ్య సమస్యే. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. ఖాళీగా ఉన్న లెక్చరర్‌కు ఆ బాధ్యత అప్పగిస్తే సరిపోదు, తన మార్కులు వేసే మనిషి దగ్గర ఏ విద్యార్థీ నోరు విప్పడు. ఈలోగా టెన్షన్ భరించలేకపోతున్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, అది ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పిల్లలూ, ఏది కావాలన్నా కాగితం మీద రాసి ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. నోటితో అడిగినదానికి ఆఫీసులో ఆధారం ఉండదు. ఇప్పుడు ఎగ్జామినేషన్ బ్రాంచ్ వాళ్లను ఈ సభలోనే అడుగుతున్నాను: వచ్చే సెమిస్టర్‌కు స్క్రైబ్‌ల ప్యానెల్ ఏ తేదీకి పెడతారు?